గ్రావెల్ ట్రిప్పు లెక్కన మాట్లాడుకోకండి, ముందు టిప్పర్ బాడీ కొలవండి

గుంటూరు వైపు నల్లరేగడి నేలలో ఇల్లు కట్టుకుని, రోడ్డు నుంచి గేటు దాకా గ్రావెల్ తోలించాలనుకునేవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మేం బాగా నష్టపోయాం.

మా బాట 120 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఆరంగుళాల మందం రావాలంటే 720 ఘనపుటడుగులు, రోలర్ తొక్కితే అణుగుతుంది కాబట్టి ఇంకో పావు వంతు కలిపి 900, అంటే 9 యూనిట్లు. తోలే అతనూ ఇదే లెక్క చెప్పి, "బండికి 3 యూనిట్లు పడతాయి సార్, మూడు ట్రిప్పులు చాలు, ట్రిప్పు 6,000" అన్నాడు. 18,000తో అయిపోతుంది కదా అని ఒప్పుకున్నాం. మూడో బండి దింపాక అనుమానం వచ్చి టేపు పెడితే బాడీ లోపల పొడవు 10, వెడల్పు ఆరున్నర, ఎత్తు 3 అడుగులు. 195 ఘనపుటడుగులు, రెండు యూనిట్లు కూడా లేవు! అడిగితే "పైన కుప్పగా పోశాం కదా" అంటాడు. ఎంత కుప్ప పోసినా ఇంకో 100 అడుగులు ఎక్కడ పడతాయి?

అంతటితో అయిపోలేదు. చదును చేసిన జేసీబీకి గంటల లెక్కన వేరే డబ్బు అడిగాడు. రోలర్ ఊసే లేదు, జేసీబీనే అటూ ఇటూ నడిపి "అణిగింది" అన్నాడు, నీళ్లు కూడా కొట్టలేదు. పైగా ఆ గ్రావెల్‌లో బంకమట్టే ఎక్కువ. తొలకరి వానలకే కారు చక్రాలు దిగబడి, కింది నల్లమట్టి పైకి వచ్చేసింది, మా నాన్నగారు రెండుసార్లు జారిపడబోయారు. చివరికి వేరే మనిషితో ఆ బురదంతా గీకించి, కింద క్వారీ డస్ట్ పరిపించి, మళ్లీ గ్రావెల్ తోలించి, నీళ్లు కొట్టించి రోలర్ తొక్కించేసరికి, ముందు ఇచ్చింది కూడా కలిపితే 52,000 దాటింది.

కాబట్టి రేటు యూనిట్‌కి (100 ఘనపుటడుగులు) ఎంతో మాట్లాడుకోండి. జేసీబీ, రోలర్, నీళ్ల ట్యాంకర్ అందులో కలిసి ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి, మా బడ్జెట్ తలకిందులైంది అక్కడే. వాన నీళ్లు పక్కలకి జారేలా బాట మధ్యలో కాస్త ఎత్తు ఉంచమని కూడా ముందే చెప్పండి. పిడికెడు గ్రావెల్ తడిపి నలిపి చూడండి, ముద్దలా చేతికి అంటుకుంటే వద్దనేయండి. ప్రతి బండినీ గేటు దగ్గరే ఆపి కొలవండి, కొలవనివ్వను అంటే దింపనివ్వకుండా వెనక్కి పంపేయండి.