చౌక నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

పెట్టె మీద ఎంత పెద్ద డెసిబెల్ అంకె అచ్చేసినా, చెవి చుట్టూ కుషన్ సరిగ్గా ఆనకపోతే ఆ నాయిస్ క్యాన్సిలింగ్ సగం దండగే. ఈ తరగతి హెడ్‌ఫోన్స్ గురించి ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెబుతాను. ఇక్కడ రాసేదంతా చెవిని పూర్తిగా కప్పే రకం గురించి, అదీ పేరుమోసిన ఖరీదైన మోడళ్లలో మూడో వంతు ధరకు దొరికే వాటి గురించి. రోజుకు ఐదారు గంటల ఆఫీసు పనికీ, తరచూ ప్రయాణాలకూ రెండున్నరేళ్లుగా వాడుతున్న జతలో ఏది నిలబడింది, ఏది పోయింది, మళ్లీ కొనాల్సి వస్తే ముందు ఏం చూడాలి అన్నదే విషయం.

ఇవి ఏ చప్పుడును ఆపుతాయో ముందే తెలిసి ఉండాలి. తెలియకుండా కొంటే నిరాశ తప్పదు. మైకు బయటి చప్పుడును పట్టుకుంటుంది, చిప్ దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే తరంగాన్ని తయారుచేసి స్పీకర్‌లోంచి వదులుతుంది, రెండూ చెవి దగ్గర కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఆలోచన కొత్తదేమీ కాదు, జర్మనీకి చెందిన పాల్ ల్యూగ్‌కి దీని మీద అమెరికా పేటెంట్ వచ్చింది 1936లో. ఈ లెక్క కుదరాలంటే చప్పుడు బరువుగా, ఒకే తీరుగా సాగాలి. విమానం ఇంజన్ హోరు, రైలు బోగీ కింది మోత, ఏసీ, ఫ్యాన్ ఇలాంటివే. సెకనుకు సుమారు 1000 కంపనాలు (హెర్ట్జ్) దాటాక తరంగం మరీ పొట్టిదైపోయి, చిప్ లెక్క కట్టేలోపే మారిపోతుంది. అక్కడి నుంచి పనంతా కుషన్‌దే. అందుకే పసిపిల్ల ఏడుపు, పక్క టేబుల్ మాటలు, కీబోర్డు టకటక కొంత తగ్గుతాయే గానీ పోవు. పైగా గదిలో ఉన్న హోరు మాయమయ్యేసరికి, అంతకుముందు దాని కింద కలిసిపోయిన మాటలు కొన్నిసార్లు ఇంకా స్పష్టంగా వినపడతాయి. అది లోపం కాదు, ఈ పద్ధతి స్వభావమే అంత. మీ అసలు బాధ మనుషుల మాటలే అయితే, క్యాన్సిలింగ్ ఆన్ చేసి, వాన చప్పుడు లాంటిది ఏదైనా సన్నగా పెట్టుకోండి. మిగిలిన మాటల్ని అది కప్పేస్తుంది. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

ఇక అంకెలు. 40 డెసిబెల్స్, 45 డెసిబెల్స్ అని రాసేది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర కొలతలో వచ్చిన అత్యధిక విలువ. అన్ని చప్పుళ్లూ అంత తగ్గుతాయని అర్థం కాదు. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది కాబట్టి, 80 డెసిబెల్స్ పైన ఉండే విమానం క్యాబిన్‌లో బరువైన హోరు 20 తగ్గినా పెద్ద ఉపశమనమే. అంకెలు పోల్చడం మానేసి, హైబ్రిడ్ అన్న మాట ఉందో లేదో చూడండి. బయటి మైకు ఒక్కటే ఉన్న రకం తన లెక్క సరిపోయిందో లేదో సరిచూసుకోలేదు. హైబ్రిడ్‌లో కప్పు లోపల ఇంకో మైకు ఉండి, చెవి దాకా వచ్చిన మిగులు చప్పుడును విని సరిదిద్దుతుంది. తల తిప్పినా, కళ్లజోడు కదిలినా తేడా తక్కువగా తెలిసేది దీనివల్లే. ఇంకో మాట కూడా జాగ్రత్తగా చదవాలి: ఈఎన్‌సీ. అది మీ చెవికి సంబంధించింది కాదు, కాల్‌లో అవతలివాళ్లకు మీ వెనకున్న గోల వినపడకుండా మైకు చేసే పని. ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలింగ్, మనం చెప్పుకుంటున్నది ఇదే) అని లేకుండా ఈఎన్‌సీ అని మాత్రమే ఉన్నదాన్ని నాయిస్ క్యాన్సిలింగ్ అనుకుని కొనేవాళ్లు ఎందరో.

కుషన్ ఎలా ఆనిందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. వాపసు ఇచ్చే గడువు ఉండగానే చేయండి. ఏసీ గానీ ఫ్యాన్ గానీ గట్టిగా తిరుగుతున్న గదిలో పాట పెట్టకుండా క్యాన్సిలింగ్ ఆన్ చేయండి. రెండు కప్పుల అంచుల్నీ వేళ్లతో మెల్లగా తల వైపు నొక్కండి. మైకు రంధ్రాల మీద వేలు పడకూడదు, పడితే కీచుమంటుంది. నొక్కగానే హోరు ఇంకా తగ్గిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. మామూలుగా చెవి వెనక, దవడ మొదలయ్యే పల్లంలో ఉంటుంది, లేదంటే కళ్లజోడు కాడ దగ్గర. సన్నటి సందే అయినా దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది. బయటి బరువైన చప్పుడు లోపలికి వస్తుంది, దాన్ని చెరపాల్సిన తరంగం బయటికి పోతుంది. మందపాటి ప్లాస్టిక్ కాడల కళ్లజోడుతో చూసి, తర్వాత సన్నటి లోహపు కాడలతో చూస్తే అదే హెడ్‌ఫోన్ రెండు వేర్వేరు వస్తువుల్లా పనిచేస్తుంది. జుట్టు కూడా కుషన్ కింద పడకుండా వెనక్కి తీసుకోండి.

కప్పు లోపలి ఖాళీ స్కేలుతో కొలవడం మంచిది. నిలువు 6 సెంటీమీటర్లు, అడ్డం 4, లోతు 2 ఉంటే చాలామంది చెవులు లోపల పడతాయి. చెవి అంచు కుషన్ కింద నలిగితే అరగంటకే నొప్పి మొదలవుతుంది. షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఏమీ తెలియదు. ఏకబిగిన గంటన్నర పెట్టుకుని చూడండి, నడినెత్తి మీద బరువు, చెవుల కింద బిగుతు అప్పుడు బయటపడతాయి. క్యాన్సిలింగ్ ఆన్ చేయగానే చెవిలో ఏదో ఒత్తిడి పెరిగినట్టు కొందరికి ఉంటుంది. నిజానికి గాలి ఒత్తిడి ఏమీ మారదు, బరువైన చప్పుడు ఉన్నట్టుండి మాయమవడం వల్ల అలా అనిపిస్తుంది. తక్కువ స్థాయిలో పెట్టి నాలుగైదు రోజులు అలవాటు చేసుకోండి. అప్పటికీ తల తిరిగినట్టుంటే ఆ మోడల్ మీకు పడనట్టే, వాపసు ఇచ్చేయండి.

ఆఫీసు పనిలో అందరూ తికమకపడేది మీటింగుల దగ్గర. అప్పటిదాకా హాయిగా వినిపించిన హెడ్‌ఫోన్, మీటింగ్‌లో చేరగానే పాత టెలిఫోన్‌లా డొల్లగా మారిపోతుంది. హెడ్‌ఫోన్ పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో పాటకు ఒక దారి, మాటకు వేరే దారి. మైకు వాడటం మొదలవగానే కంప్యూటర్ హ్యాండ్స్‌ఫ్రీ దారిలోకి మారుతుంది, అక్కడ స్టీరియో ఉండదు, నాణ్యత 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌కు (అంటే ధ్వనిని సెకనుకు 16 వేలసార్లు కొలవడం), పాత పరికరాల్లో 8కి పడిపోతుంది. విరుగుడు తేలిక. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకర్‌గా హెడ్‌ఫోన్‌నే ఉంచి, మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. వినేది బాగుపడుతుంది, నిశ్శబ్దమైన గదిలో అయితే మీ గొంతు కూడా బాగుపడుతుంది. ఎందుకంటే ఈ ధరలో హెడ్‌ఫోన్ మైకులు నోటికి దూరంగా కప్పు మీదే ఉంటాయి, గోలను తీసేసే క్రమంలో గొంతును కూడా కోసేస్తాయి, అవతలివాళ్లకు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. ల్యాప్‌టాప్ మూత మూసి పెద్ద తెరకు కలిపి పనిచేసేవాళ్లకు చిన్న యూఎస్‌బీ మైకు ఒకటి విడిగా ఉండాల్సిందే. రోజంతా కాల్స్‌లో మాట్లాడటమే మీ ఉద్యోగమైతే, నోటి దగ్గరికి మైకు కాడ వచ్చే హెడ్‌సెట్ కొనండి. ఈ తరగతి హెడ్‌ఫోన్స్ ఆ పనికి చాలవు.

చాలా చౌక మోడళ్లలో కాల్ మాట్లాడేటప్పుడు మన గొంతు మనకు వినపడదు. చెవులు మూసుకుని ఉండటంతో తెలియకుండానే అరిచి మాట్లాడతాం. మాట్లాడే వంతు వచ్చినప్పుడు బయటి చప్పుడును లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్‌లోకి మారితే ఈ ఇబ్బంది పోతుంది.

ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ ఒకేసారి కలిసి ఉండే మల్టీపాయింట్ మాత్రం వదులుకోకండి. పాట నాణ్యత పెంచే ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతి ఆన్ చేస్తే చాలా మోడళ్లలో మల్టీపాయింట్ ఆగిపోతుంది. దాని 990 కేబీపీఎస్ (సెకనుకు 990 కిలోబిట్లు) అన్న అంకె చూసి మనసు లాగుతుంది గానీ, రైలులో, ఆఫీసులో ఆ తేడా వినపడే అవకాశం తక్కువ, ఫోన్ మోగితే అందుకోగలగడం రోజూ పనికొస్తుంది. ఫోన్‌లో నోటిఫికేషన్ చప్పుళ్లు ఆపేయడం మరచిపోవద్దు. ఒక్క టింగుమన్న చప్పుడు చాలు, మీటింగ్ ధ్వని రెండు మూడు సెకన్లు తెగిపోతుంది.

ప్రయాణానికి కొనేవాళ్లు 3.5 ఎంఎం సాకెట్ ఉందో లేదో చూడాలి. విమానంలో సీటు ముందున్న తెరకు చాలాచోట్ల వైరే దిక్కు. వైరు పెట్టినప్పుడు కూడా క్యాన్సిలింగ్ పనిచేస్తుందా, బ్యాటరీ అయిపోయినా వైరు మీద పాట వస్తుందా, ఛార్జింగ్ పెట్టి వినవచ్చా అన్న మూడు ప్రశ్నలకు మోడల్‌ను బట్టి జవాబు మారుతుంది, ఇంట్లోనే సరిచూసుకోండి. గతుకుల రోడ్డు మీద బస్సు ఎగిరిపడినప్పుడల్లా చెవిలో టప్‌మని పొడిచినట్టవుతుంది. ఆ కుదుపుకు కప్పు లోపలి గాలి ఒక్కసారిగా నొక్కుకుని, లోపలి మైకు తట్టుకోగల హద్దు దాటిపోతుంది. క్యాన్సిలింగ్ స్థాయి తగ్గిస్తే తగ్గుతుంది. కిటికీ తెరిచి ఉంటే గాలి బయటి మైకును తాకి, లేని హోరును కొత్తగా పుట్టిస్తుంది. గాలి మోడ్ ఉంటే వాడండి, లేకపోతే క్యాన్సిలింగ్ ఆపేయడమే మేలు. సీటుకు తల ఆనించి పక్కకు వాలితే కప్పు జరిగి సందు పడుతుంది కాబట్టి, నిద్రకు మెడ దిండు అంచు కప్పుకు తగలకుండా సర్దుకోవాలి. రోడ్డు దాటేటప్పుడు మాత్రం వీటిని తీసి మెడలోనైనా వేసుకోండి. వెనక వచ్చే వాహనం ఇంజన్ చప్పుడే ఇవి అన్నిటికన్నా బాగా చెరిపేస్తాయి.

మోడళ్ల విషయానికొస్తే, సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ బరువు 192 గ్రాములే. గంటల తరబడి పెట్టుకునేవాళ్లకు ఈ తరగతిలో ఇంతకు మించిన సుగుణం లేదు. క్యాన్సిలింగ్ ఆన్‌లో 35 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. ఎల్‌డాక్ లేదు, సంచీ రాదు, లోపలికి మడవదు. సౌండ్‌కోర్ స్పేస్ వన్‌కు 40 గంటలు, వన్‌మోర్ సోనోఫ్లోకు 50 గంటలు చెబుతారు, రెండింటిలోనూ ఎల్‌డాక్ ఉంది, కానీ సోనీ అంత తేలిక కావు. 35 గంటలు దాటాక బ్యాటరీ గంటల్ని పోల్చడం అనవసరం. నా ఓటు బరువుకే.

బ్యాటరీ వాడగా వాడగా తగ్గుతుంది. కొత్తలో 40 గంటలు వచ్చినది ఇప్పుడు 30 దగ్గర ఆగుతోంది, ఇబ్బందేమీ లేదు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో దాచండి. రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్ పెడితే కొన్ని చౌక హెడ్‌ఫోన్స్ అసలు ఛార్జ్ కావు. సాకెట్ వెనక ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు తయారీదారు పెట్టకపోవడమే కారణం. అవి లేకపోతే ఛార్జర్‌కు ఏదో పరికరం తగిలిందనే తెలియదు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో అదే హెడ్‌ఫోన్ చక్కగా ఛార్జ్ అవుతుంది. పాడైందని పడేసేముందు ఇది చూడండి.

విరిగే చోటు కప్పుకూ హెడ్‌బ్యాండ్‌కూ మధ్య ఉన్న ప్లాస్టిక్ చెయ్యి. పొడవు పెంచే పట్టీ దగ్గర వెంట్రుక మందాన తెల్లటి గీత కనబడితే అది పగులు మొదలు. ఒక చేత్తో ఒక కప్పు పట్టి లాగి తీయడం, తల మీదే ఒక కప్పు వెనక్కి జరిపి ఉంచడం దీనికి కారణాలు, రెండు చేతులతో తీయడం అలవాటు చేసుకోండి. ఫెవిక్విక్ లాంటి జిగురు ఇక్కడ నిలవదు, రోజూ వంగే చోటది.

అన్నిటికన్నా ముందు పోయేవి కుషన్లు. ఏడాది దాటాక పైపొర పొలుసులుగా రాలి, చెవుల మీద, కాలర్ మీద నల్లటి రజను కనబడుతుంది. చెమట, తేమ తగిలి పాలీయురేథేన్ పొర విడిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. శానిటైజర్‌తో తుడిస్తే ఇంకా త్వరగా పోతాయి, పొడిబట్ట చాలు. పొర బాగానే కనిపించినా లోపలి స్పాంజి అణిగిపోయి, చెవి స్పీకర్ బట్టకు తగలడం మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత క్యాన్సిలింగ్ తగ్గిపోయిందని చాలామంది అనుకునేది ఈ దశలోనే. ముందు కుషన్లు చూడండి. కొనేముందే ఆ మోడల్ పేరుతో విడి కుషన్లు దొరుకుతున్నాయో లేదో చూసుకోవాలి, కానీ నాలుగు జతలు కొని దాచిపెట్టకండి, ఈ పొర వాడకపోయినా పాతబడుతుంది.

మార్చడం పదినిమిషాల పని. కుషన్‌కూ కప్పుకూ మధ్య పాత ప్లాస్టిక్ కార్డు అంచు దూర్చి, ఒకచోటే బలం పెట్టకుండా చుట్టూ కొద్దికొద్దిగా లేపితే కొక్కేలు ఊడతాయి. కొన్నింటిలో కొక్కేలు ఉండవు, కుషన్ వెనక పలచటి అంచు కప్పు గాడిలో దూరి ఉంటుంది, దాన్ని సాగదీసి తీయాలి. లోపలి మైకు రంధ్రం మీద దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో తీయండి, నోటితో ఊదవద్దు. ఎడమ, కుడి కుషన్ల మందం ఒకవైపు ఎక్కువగా ఉండవచ్చు, మందమైన వైపు చెవి వెనక్కి రావాలి. మెత్తగా ఉన్నాయని మఖ్మల్‌వి, మరీ లావువి కొనకండి. మఖ్మల్ గుండా గాలి పోతుంది, లావు కుషన్ చెవిని మైకుకు దూరం చేస్తుంది, రెండింటివల్లా హోరు తిరిగి వస్తుంది. కొత్తవి వేశాక ఫ్యాన్ ముందు కూర్చుని అదే నొక్కే పరీక్ష మళ్లీ చేయండి. నొక్కినా నొక్కకపోయినా హోరులో తేడా లేకపోతే కుషన్లు సరిగ్గా కూర్చున్నట్టు. తేడా ఉంటే ఎక్కడో ఒక కొక్కెం పడలేదు, తీసి మళ్లీ పెట్టండి.