బైపాస్ దిగితేనే గుత్తి: కర్నూలు–అనంతపురం దారిలో పాత కట్టడాలు

కర్నూలు నుంచి అనంతపురానికి 44వ జాతీయ రహదారి మీద కారులో రెండున్నర గంటలు చాలు. అలా దూసుకుపోతే మాత్రం దారిలో చూడాల్సిందేదీ కంటబడదు. 2010లో నంబర్లు మార్చకముందు ఇది ఏడో నంబరు హైవే. అప్పట్లో లారీలూ బస్సులూ ఊళ్ల మధ్య నుంచే పోయేవి. బాటసారుల కోసం కట్టిన సత్రాలు, బావులు ఆ పాత రోడ్ల మీదే మిగిలాయి.

బస అనంతపురంలో పెట్టుకోండి. కొండ మీద కోట ఉన్న గుత్తి అక్కడికి 50 కిలోమీటర్లు, కర్నూలు నుంచైతే దాదాపు 95. గుత్తి కొండ ఎండ ముదరకముందే ఎక్కాలి కాబట్టి ఈ తేడా పెద్దదే. బస్టాండు ఎదుటి లాడ్జీల్లో రాత్రంతా హారన్ల మోత. వెనకవైపు గది అడగండి, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో ముందే కనుక్కోండి. ఆర్ అండ్ బి అతిథిగృహాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు. అధికారులెవరైనా పర్యటనకు వస్తే గది వాళ్లకే పోతుంది.

బస్సులో వెళ్లేవాళ్లు గుత్తి ఊళ్లోకి వెళ్తుందా, బైపాస్ మీదే దింపుతుందా అని ఎక్కేముందే కండక్టర్‌ను అడగాలి. రైలు దిగేది గుత్తి ఆర్.ఎస్.లో, అక్కడి నుంచి కోట దగ్గరికి ఆటో తప్పదు.

కోట ఎక్కడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. పైన అంగడి లేదు, నీడ తక్కువ. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు, గుత్తిని ఏలుతున్న మరాఠా నాయకుడు మురారిరావు లొంగిపోయింది కూడా కొండ మీద నీళ్లు అయిపోయే. కొండ అంచున ఆయన కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం ఉంది. దాని సున్నపు గచ్చును చేత్తో తడిమి చూడండి, ఇప్పటికీ నున్నగా తగులుతుంది. వాన పడిన మర్నాడు మాత్రం ఎక్కొద్దు. అరిగిన రాతిమెట్లు జారతాయి, దిగేటప్పుడు మరీ ప్రమాదం.

కొండ కిందే తెల్లవాళ్ల శ్మశానం. దత్తమండలాలకు, అంటే నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన ఈ సీమ జిల్లాలకు, 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా చేసిన థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. మొదట పాతిపెట్టింది ఇక్కడే. 1831లో మద్రాసు కోటకు తరలించారు. ఆయన పేరు మీద గుత్తిలో సత్రం, పత్తికొండలో బావీ తోపూ వెలిశాయి. ఒక అధికారికి స్మారకంగా దారిన పోయేవాళ్లకు నీళ్లూ నీడా ఏర్పాటు చేశారంటే, అప్పటి ప్రయాణానికి ఏది కరువో తెలుస్తుంది. గుత్తికి ఒక పూట కేటాయించకపోతే ఈ యాత్ర చేసీ లాభం లేదు.

అనంతపురంలో గడియార స్తంభం స్వాతంత్ర్యానికి గుర్తు. ఎనిమిది ముఖాలు, 15 అడుగుల వెడల్పు, 47 అడుగుల ఎత్తు, అంటే 15-8-47 అని ఊళ్లో లెక్క చెప్తారు. ఆర్ట్స్ కాలేజీ 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ (దత్తమండలాల) కాలేజీగా మొదలైంది. నీలం సంజీవరెడ్డి చదివింది అందులోనే. పని రోజుల్లో అనుమతి అడిగి లోపలికి వెళ్లండి.

కర్నూలుకు ఒక సాయంత్రం సరిపోతుంది. కొండారెడ్డి బురుజు చూసి, ఊళ్లోంచి పారే కె.సి. (కర్నూలు–కడప) కాలువ గట్టుకు వెళ్లండి. 1860లలో మద్రాసు కంపెనీ ఒకటి తవ్వించిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం తీసుకుంది. సాగునీటితో పాటు పడవలు నడపడానికీ ఉద్దేశించిన కాలువ ఇది. అంటే కడపకు అప్పట్లో నీటిదారి కూడా ఉండేదన్నమాట. ఇప్పుడు కడపకు నంద్యాల, మైదుకూరు మీదుగా 40వ నంబరు రోడ్డుంది. అటు వెళ్తే ఎర్రముక్కపల్లెలో, తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట వెలసిన గ్రంథాలయానికి వెళ్లండి. సెలవు రోజైతే తలుపులు మూసి ఉంటాయి, ముందే కనుక్కోండి.