మెయిల్ సర్వీసు కొనేవారికి హెచ్చరిక: ‘సీవ్ ఉందండీ’ అన్న మాట నమ్మి ముందుగా డబ్బు కట్టకండి

నరసాపురంలో మాది లేసు అల్లికల ఎగుమతి వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లిన డాయిలీలు, టేబుల్ కవర్లు విదేశాలకు పంపుతాము, ఆర్డర్లు దాదాపు అన్నీ మెయిల్‌లోనే వస్తాయి. షాపులోని కంప్యూటరు, నా ఫోను ఒకే మెయిల్‌పెట్టెను చూస్తాయి కాబట్టి ఉత్తరాలు మాకు చేరకముందే సర్వర్ దగ్గరే వేరు కావాలి. అందుకోసం ఈమాక్స్ అనే ఎడిటర్‌లో సీవ్ (వచ్చిన ఉత్తరాలను సర్వర్‌లోనే వేరుచేసే నియమాలు రాసే భాష) స్క్రిప్టు రాసి, మేనేజ్‌సీవ్ (ఆ స్క్రిప్టులను సర్వర్‌లో పెట్టే పద్ధతి) ద్వారా సర్వర్‌కు ఎక్కించడం నాకు చాలాకాలంగా అలవాటు.

కిందటేడు ఒక హోస్టింగ్ సంస్థ ప్రతినిధిని ఇదే అడిగితే, ‘సీవ్ ఉందండీ, మీ ఎడిటర్ నుంచే ఎక్కించుకోవచ్చు’ అని ఫోనులో చెప్పారు. ఆ మాట మీద, తగ్గింపు వస్తుందన్న ఆశ మీద రెండేళ్ల రుసుము ఒకేసారి కట్టేశాను. ఆ మాటను మెయిల్‌లో రాసి పంపమని అడగకపోవడం నా పొరపాటే.

మేనేజ్‌సీవ్‌కు 4190 పోర్టును (సర్వర్‌లోకి ఆ పనికోసం వెళ్లే ద్వారం సంఖ్య) కేటాయిస్తూ 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5804 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. వారి సర్వర్‌లో ఆ పోర్టే మూసి ఉంది. పదకొండు రోజులు అడిగాక తెరిచారు. తీరా తెరిచాక చూస్తే, కనెక్షన్ కలవగానే సర్వర్ చెప్పే సామర్థ్యాల జాబితాలో ‘మెయిల్‌బాక్స్’ అనే ఎక్స్‌టెన్షన్ (సీవ్‌కు అదనపు సౌకర్యం) లేదు. లేని ఫోల్డరును అప్పటికప్పుడు సృష్టించి ఉత్తరాన్ని అందులో వేయాలంటే అది కావాలి. నా స్క్రిప్టు మొదటి వరుసలో, కావలసిన ఎక్స్‌టెన్షన్లను చెప్పే ‘రిక్వైర్’లో ఆ పేరు ఉన్నందున సర్వర్ మొత్తం స్క్రిప్టునే తిప్పికొట్టింది. ఫోల్డర్లన్నీ చేత్తో తయారుచేసుకుని ఎలాగో సర్దుకున్నాను.

అసలు నష్టం తరువాత జరిగింది. స్పామ్ ఎక్కువగా వస్తోందని నేను ఫిర్యాదు చేస్తే, వారి సాంకేతిక సిబ్బందిలో ఒకరు నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెబ్‌మెయిల్‌లో ఒక ఫిల్టరు పెట్టారు: సబ్జెక్టులో ‘ఆఫర్’ అనే మాట ఉంటే డిస్కార్డ్. మా వ్యాపారంలో ధరల పట్టికను ఆఫర్ అనే అంటారు. మేము పంపిన ఆఫర్‌కు కొనుగోలుదారు ఇచ్చే ప్రతి జవాబు సబ్జెక్టులోనూ ఆ మాట ఉండి తీరుతుంది. సీవ్‌లో ఆ మాట ఎక్కడైనా ఉందా అని చూసే ‘కంటెయిన్స్’ పోలిక, వేరే విధంగా చెప్పకపోతే, ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా చూడదు కాబట్టి ఒక్క జవాబూ తప్పించుకోలేదు. పైగా డిస్కార్డ్ అంటే చెత్త ఫోల్డరులో వేయడం కాదు. ఉత్తరం ఎక్కడా మిగలదు, పంపినవారికి తిరుగు సమాచారమూ వెళ్లదు.

ఇంకో చిక్కు ఉంది. ఒక ఖాతాలో స్క్రిప్టులు ఎన్ని ఉన్నా ఒక సమయంలో అమలులో ఉండేది ఒక్కటే. వెబ్‌మెయిల్ తన ఫిల్టరును తన సొంత పేరుతో వేరే స్క్రిప్టుగా రాసి, దాన్ని యాక్టివ్ చేసింది, నాది పక్కకు పోయింది. ఈమాక్స్‌లో తెరిస్తే నా స్క్రిప్టు ఒక్క అక్షరం మారకుండా కనిపిస్తూనే ఉంది, అందుకే అనుమానం రాలేదు. పందొమ్మిది రోజుల తరువాత ఒక పాత కొనుగోలుదారు వాట్సాప్‌లో, ‘రెండుసార్లు రాశాను, మీకు ఆర్డరు అక్కర్లేదా?’ అని అడిగితేగానీ తెలియలేదు. అప్పటికి వారు ఆ టేబుల్ కవర్లను వేరేచోట తీసుకున్నారు.

సర్వర్ లాగ్ (సర్వర్ చేసిన పనుల నమోదు) అడిగితే వారం తిప్పించి పంపారు. అందులో పద్నాలుగు ఉత్తరాల పక్కన డిస్కార్డ్ అని స్పష్టంగా ఉంది. అయినా సంస్థవారు ‘ఫిల్టర్లు వినియోగదారుడి బాధ్యత’ అంటున్నారు. ఫిల్టరు పెట్టింది వారి మనిషే అని చూపించినా అదే జవాబు.

ఇటువంటి సర్వీసు కొనబోయేవారు ట్రయల్ రోజుల్లోనే 4190కు కనెక్ట్ అయి, సామర్థ్యాల జాబితాను సేవ్ చేసుకుని, మీ స్క్రిప్టులోని రిక్వైర్ వరుసతో పోల్చి చూడండి. కావాలనే వెబ్‌మెయిల్‌లో ఒక ఉత్తుత్తి ఫిల్టరు పెట్టి, వెంటనే స్క్రిప్టుల జాబితా తెప్పించి, యాక్టివ్ గుర్తు దేని పక్కన ఉందో గమనించండి. ఎడిటర్ నుంచి కొత్త పేరుతో ఎక్కించిన స్క్రిప్టు దానంతట అది యాక్టివ్ కాదు, అది వేరుగా చేయవలసిన పని. ఎక్కించేటప్పుడు సర్వర్ చూసేది రాతలో తప్పులున్నాయా అన్నదే, మీ ఉద్దేశం దానికి తెలియదు. అందువల్ల డిస్కార్డ్ రాయాలనిపించిన ప్రతిచోటా కనీసం నెల రోజులు ‘ఫైల్‌ఇన్‌టూ’తో ఒక ఫోల్డరులోకి పంపి చూడండి. సపోర్టువారికి మీ పాస్‌వర్డు ఇవ్వకండి. నేను ఇచ్చాను.

మిగిలిన పదహారు నెలల రుసుము వాపసు ఇవ్వమని లిఖితపూర్వకంగా అడిగాను. ఇంతవరకు జవాబు రాలేదు. డొమైను మాత్రం వేరే సర్వర్‌కు మార్చుకున్నాను, పాత ఖాతాలోని స్క్రిప్టులన్నీ దించి షాపు కంప్యూటరులో దాచాను. వాళ్లు పెట్టిన ఆ మూడు వరుసల ఫిల్టరు కూడా వాటిలో ఉంది.