దోహాలో కుర్రాళ్ల ఆసియా కప్పు: బస, మెట్రో, మైదానాల సంగతి

ఇరవై మూడేళ్ల లోపు పురుషుల జాతీయ జట్లకు ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నిర్వహించే ఆసియా కప్పు 2024లో ఏప్రిల్ 15 నుంచి మే 3 వరకు ఖతార్‌లో జరిగింది. పదహారు జట్లు తలపడిన ఈ పోటీయే ఆ ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు ఆసియా నుంచి వెళ్లే దారి కూడా కావడంతో, మొదటి మూడు స్థానాలు పొందిన జట్లకు నేరుగా బెర్తులు దక్కాయి. నాలుగో జట్టు ఆఫ్రికా నుంచి వచ్చిన గినీతో మరొక మ్యాచ్ ఆడవలసి వచ్చింది. మన దేశం ఆ పదహారింటిలో లేదు. అయినా, జీవితమంతా శ్రీకాకుళం జిల్లా బడులలో పిల్లల చేత బంతి తన్నించిన డ్రిల్లు మాస్టారిగా, రిటైరయ్యాక ఒక్కసారైనా అంతర్జాతీయ పోటీని కళ్లారా చూడాలన్న కోరిక నాకు ఉండేది. మా మేనల్లుడు దోహాలో రిగ్గరుగా, అంటే క్రేన్లకు బరువులు కట్టి ఎత్తించే పనివాడిగా, పనిచేస్తున్నాడు. సోంపేట, కంచిలి, కవిటి వైపు ఇలా గల్ఫ్‌లో బంధువు లేని ఇల్లు వెతికినా దొరకడం కష్టం. వారిని చూడడానికి వెళ్లేవారు దానితో పాటు ఇటువంటి పోటీని కూడా ఎలా చూడవచ్చునో, ఎక్కడ డబ్బు పెట్టవచ్చునో, ఎక్కడ పెట్టనక్కరలేదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ప్రయాణంలో అసలు శ్రమ మన వైపే ఉంది. విశాఖపట్నం నుంచి దోహాకు నేరు విమానం లేదు. భోగాపురం విమానాశ్రయం అప్పటికింకా కట్టుబడిలోనే ఉంది. సోంపేటలో రైలెక్కి విశాఖలో దిగి, అక్కడి నుంచి విమానంలో శంషాబాదు చేరి, మళ్లీ అంతర్జాతీయ విమానం పట్టుకోవాలి. శంషాబాదు నుంచి దోహాకు నాలుగు గంటలు దాటిన ప్రయాణమే గనుక, ఇంటి గుమ్మం నుంచి శంషాబాదు దాకా పట్టిన సమయంతో పోలిస్తే సముద్రం దాటడమే సులువనిపించింది. దుబాయి మీదుగా టికెట్ కొంత చవకగా వచ్చేది గానీ, ఏప్రిల్ 16న కురిసిన వానకు ఆ విమానాశ్రయం మునిగి వందల విమానాలు ఆగిపోయిన సంగతి విన్నాక, నేరు విమానానికి పెట్టిన అదనపు ఖర్చు నాకు బరువనిపించలేదు. మే 13న మన రాష్ట్రంలో పోలింగు ఉన్నందున తిరుగు టికెట్ కూడా ముందే తీసుకున్నాను.

సామాను విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. పలాస జీడిపప్పు, పచ్చళ్లు, అరిసెలు ఎన్నయినా తీసుకువెళ్లండి. గసగసాలు మాత్రం వద్దు. గల్ఫ్ దేశాలలో వాటిని మాదకద్రవ్యాల కింద లెక్కగడతారు. విడిగా పొట్లం కట్టకపోయినా మన మసాలా పొడుల్లో అవి పడి ఉంటాయి కాబట్టి, మా అక్క తన కొడుకు కోసం దంచిన పొడిని గసగసాలు లేకుండా మళ్లీ దంచింది. నొప్పి మాత్రలు వాడేవారు డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవడం కూడా మంచిది.

భారతీయులకు ఖతార్‌లో దిగాక వీసా ఇస్తారు. అయితే తిరుగు టికెట్టుతో పాటు, ఖతార్ ఎయిర్‌వేస్ వారి పర్యాటక సంస్థ డిస్కవర్ ఖతార్ ద్వారా తీసుకున్న హోటల్ బుకింగు చూపించాలి. సోంపేట దగ్గర ఒక ఏజెంటు ఈ బుకింగుకే నన్ను పెద్ద మొత్తం అడిగాడు. చదువుకున్న పిల్ల ఎవరైనా ఫోన్లో కాసేపట్లో చేసిపెట్టే పని అది. మా పక్కింటి అమ్మాయి టీ తాగుతూ చేసి ఇచ్చింది. చుట్టాలున్నారు కదా, వారి దగ్గరే దిగుదామనుకుంటే కుదరదు. పనివారి క్యాంపులలో బయటివారిని రాత్రి ఉండనివ్వరు. మా వాడి క్యాంపు ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. గేటు దాకా వెళ్లి, పక్కనున్న టీ దుకాణంలో కూర్చుని మాట్లాడుకోవడమే.

బసకు మొదట పాత దోహాలో, నజ్మా వైపు, ఒక చవక హోటల్ తీసుకున్నాను. మన భోజనశాలలు, మలయాళీల టీ దుకాణాలు అడుగడుక్కీ ఉన్న ఆ పేటలో భాషకూ తిండికీ ఇబ్బంది ఉండదు. హిందీ నాలుగు ముక్కలు వస్తే చాలు. హోటల్ మాత్రం బాగోలేదు. ఏసీ రాత్రంతా గొణుగుతూనే ఉంది, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. దిగేటప్పుడు పూచీ కింద కార్డులో పట్టిన సొమ్మును ఖాళీ చేసిన వెంటనే విడుదల చేస్తామన్నవారు, నేను సోంపేట చేరి మామిడిపళ్లు తినడం మొదలుపెట్టాక గానీ వదలలేదు. ఆ తర్వాత అల్ సద్ ప్రాంతంలోని మరొక హోటల్‌కు మారాను. అక్కడ రోజుకు అద్దె ఎక్కువే గానీ మెట్రో స్టేషను దగ్గరగా ఉంది, కిందనే కిరాణా దుకాణం ఉంది, ఫైనల్ జరిగిన మైదానం రెండు మూడు స్టేషన్ల దూరంలో ఉంది. ఆట ముగిసిన రాత్రి టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడకుండా గదికి చేరడం ఎంత సుఖమో అనుభవిస్తేనే తెలుస్తుంది. చవక గది తీసుకుని టాక్సీలకు పోసేవారు చివరకు నాకంటే ఎక్కువే ఖర్చుపెట్టారని అక్కడ కలిసినవారి లెక్కలు విన్నాక అర్థమైంది.

మెట్రో గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల పేర్లతో మూడు మార్గాలు ఉన్నాయి; మూడూ ముషైరిబ్ స్టేషనులో కలుస్తాయి. మామూలు పెట్టెలో ఎంత దూరం వెళ్లినా ఒక ప్రయాణానికి 2 రియాళ్లు, రోజంతా తిరిగినా 6 రియాళ్లు దాటదు. 2024లో రియాలు మన డబ్బులో ఇరవై రెండు, ఇరవై మూడు రూపాయలు ఉండేది కాబట్టి, రోజుకు నూట నలభై రూపాయలలోపే ఊరంతా చుట్టగలిగాను. విమానాశ్రయంలోనే ఎరుపు మార్గం ఎక్కవచ్చు. కుటుంబాలకు వేరే పెట్టె ఉంది. నడిపే డ్రైవరు లేడు. ఒక్క లోపం చెప్పాలంటే, ఆ రోజుల్లో శుక్రవారం మధ్యాహ్నం దాకా మెట్రో నడిచేది కాదు, పనివారికి సెలవు ఉండేదేమో ఆ ఒక్క రోజే. ఉదయాన్నే బయలుదేరి ఏదైనా చూద్దామనుకునే మా మేనల్లుడి వంటివారికి బస్సులే గతి.

ఇక మైదానాలు. ఈ పోటీకి నాలుగు స్టేడియాలు వాడారు. 1976 నాటి ఖలీఫా స్టేడియం, జహా హదీద్ రూపకల్పన చేసిన అల్ వక్రాలోని అల్ జనూబ్ స్టేడియం పెద్దవి. 2022 ప్రపంచ కప్పు మ్యాచ్‌లు జరిగినవి. అల్ సద్ క్లబ్బు వారి జాసిం బిన్ హమద్ స్టేడియం, దుహైల్‌లోని అబ్దుల్లా బిన్ ఖలీఫా స్టేడియం చిన్నవి. టీవీలో చూసిన గొప్పతనం కోసం అందరూ పెద్దవాటినే కోరుకుంటారు. నా ఉద్దేశంలో మాత్రం కుర్రాళ్ల పోటీకి చిన్న మైదానమే తగినది. నలభై వేలు పట్టే చోట కొద్దిమంది కూర్చుంటే ఆటకు ఊపు రాదు. దుహైల్‌లో గోల్‌కీపర్ తన డిఫెండర్లను కేకలేసి జరపడం నా కుర్చీ దాకా వినబడింది. పిల్లలకు ఆట నేర్పినవాడికి అంతకంటే ఏం కావాలి? టికెట్లన్నీ ఫోన్లోనే, ధర మన మల్టీప్లెక్స్ సినిమాకు పెద్ద తేడా లేదు.

ఏప్రిల్ 29న దుహైల్‌లో ఉజ్బెకిస్తాన్‌కూ ఇండోనేషియాకూ సెమీఫైనల్. అంతకుముందు క్వార్టర్‌ఫైనల్‌లో ఇండోనేషియా, 1988 నుంచి ఒక్క ఒలింపిక్స్ కూడా వదలని దక్షిణ కొరియాను పెనాల్టీలలో 11–10తో ఇంటికి పంపింది. ఆ ఊపుతో స్టేడియం మొత్తం ఎర్ర చొక్కాలే. ఇళ్లలో పనిచేసే ఆడవారు, విద్యార్థులు, వంటవారు తమ దేశపు పాట అందుకుంటే నా పక్క కుర్చీలు అదిరాయి. నా ముందు వరుసలో ఒక తల్లి చంటిబిడ్డ చెవులకు రెండు చేతులూ అడ్డుపెట్టి, తాను మాత్రం గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. ఇండోనేషియా వేసిన గోల్ ఒకటి వీడియో పరిశీలనలో ఆఫ్‌సైడ్‌గా తేలి రద్దయింది. ఆ తర్వాత హుసేన్ నోర్చాయెవ్ గోల్‌తో ఒకటి, సొంత గోల్‌తో మరొకటి, ఉజ్బెకిస్తాన్ 2–0తో గెలిచింది. నేను గమనించినది వారి వెనుక వరుస. బంతి ఏ మూల ఉన్నా నలుగురూ ఒకే తాడు పట్టుకున్నట్లు కదిలారు. ఫైనల్ దాకా ఆ జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదంటే ఆశ్చర్యం లేదు.

దుహైల్‌తో చిక్కు చేరుకోవడంలోనే ఉంది. మెట్రో దిగాక టాక్సీ పట్టుకోవలసిందే. వెళ్లేటప్పుడు తెలియలేదు గానీ, ఆట విడిచాక వేలమంది ఒకేసారి ఫోన్లు నొక్కడంతో టాక్సీ దొరకడం గగనమైంది. చివరకు ముగ్గురు ఇండోనేషియా కుర్రాళ్లతో కలిసి ఒక కారులో మెట్రో దాకా వచ్చాను. ఓడిపోయిన బాధలో కూడా వారు నా వంతు డబ్బు తీసుకోలేదు. మే 2న అక్కడే మూడో స్థానానికి జరిగిన ఆటలో ఇరాక్ అదనపు సమయంలో అలీ జాసిం గోల్‌తో 2–1గా ఇండోనేషియాను ఓడించి ఒలింపిక్స్ బెర్తు పట్టుకుపోయింది. ఆ రోజు నేను ఆట ముగియకముందే టాక్సీ చెప్పుకున్నాను.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నజ్మా, మన్సూరా వైపు మన అన్నం, పప్పు, చేపల పులుసు దొరుకుతాయి. స్టేడియంలో అమ్మేవి ఖరీదు, రుచి అంతంత మాత్రం. నీళ్లు మాత్రం కొనుక్కుని తాగుతూ ఉండాలి. ఏప్రిల్ ఆఖరుకే ఎండ మన రోహిణి కార్తెను తలపించింది, అయిదు గంటల ఆటకు పడమటి వైపు కూర్చున్నవారే సుఖపడ్డారు.

ఆటలేని రోజున చూడదగిన వాటిలో ఖలీఫా స్టేడియం పక్కనే ఉన్న 3–2–1 ఒలింపిక్, క్రీడల మ్యూజియంను మొదట చెబుతాను. బంగారు మార్గంలో స్పోర్ట్ సిటీ స్టేషను దిగితే చాలు. ఆటలంటే ఇష్టమున్నవారికి సగం రోజు సరిపోదు. సూక్ వాకిఫ్ బజారు సాయంత్రం నడవడానికి బాగుంటుంది, కొనడానికి కాదు. ఇస్లామిక్ కళల మ్యూజియం భవనాన్ని సముద్రపు ఒడ్డు నుంచి చూసినా తృప్తే.

మే 3న, శుక్రవారం, ఫైనల్‌కు మేనల్లుడు వచ్చాడు. అల్ సుడాన్ స్టేషనులో దిగి నడిచి వెళ్లాం. జాసిం బిన్ హమద్ స్టేడియం చూడగానే వాడు పెదవి విరిచాడు. “ఏటి మావయ్యా, ఇంత దూరమొచ్చి ఇంత చిన్నదా? మన శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం లాగుంది!” అన్నాడు. లోపల కూర్చున్నాక ఆ మాట మళ్లీ రాలేదు. జపాన్, ఉజ్బెకిస్తాన్ తొంభై నిమిషాలు ఒకరినొకరు కదలనివ్వలేదు. అదనంగా కలిపిన సమయంలో మొదటి నిమిషాన ఫుకి యమాదా గోల్ వేశాడు. అయిపోయిందనుకుని కొందరు లేచారు. అంతలో బంతి చేతికి తగిలిందని వీడియో చూసి ఉజ్బెకిస్తాన్‌కు పెనాల్టీ ఇచ్చారు. జపాన్ గోల్‌కీపర్ లియో కొకుబో దాన్ని ఆపాడు. మా వాడు నా భుజం పట్టుకున్న పట్టు ఇంకా నొప్పిగానే ఉంది. 1–0తో గెలిచిన జపాన్, ఈ కప్పును రెండుసార్లు గెలిచిన మొదటి జట్టయింది. మొదటిసారి 2016లో, అదీ దోహాలోనే.

తిరిగి నడుస్తుంటే వాడు మన దేశం ఎందుకు లేదని అడిగాడు. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన పోటీలో భారత్, ఇరాన్ కప్పు పంచుకున్నాయనీ, ఆ భారత జట్టు కెప్టెన్ హైదరాబాదు షబ్బీర్ అలీ అనీ చెబితే వాడు నమ్మలేదు. మెట్రోలో ఫోన్ తీసి వెతికి చూసుకున్నాడు. అప్పటి నుంచి వాడికి పట్టుకుంది. 2025 సెప్టెంబరులో తర్వాతి కప్పుకు అర్హత పోటీలు ఖతార్‌లోనే జరిగినప్పుడు, పని ముగించుకుని మన జట్టు ఆట చూడడానికి వెళ్లాడు. బహ్రెయిన్‌పై 2–0, బ్రూనైపై 6–0 గెలిచి, ఖతార్ చేతిలో 1–2తో ఓడి మనవాళ్లు అర్హత కోల్పోయారు. “మనోలు తీసికట్టేం కాదు మావయ్యా, ఆ ఖతారోలతో ఆట చూసుంటే నీకే తెలిసేది,” అని ఫోన్లో చాలాసేపు వాదించాడు. ఈసారి నజ్మాలో కాక అల్ సద్‌లోనే గది చూడరా, వస్తాను అన్నాను.