ఫోన్‌కు సరిపడే హెడ్‌ఫోన్లు: ఎం50ఎక్స్‌ను కొన్నేళ్లు వాడిన తర్వాత

మొబైల్ ఫోన్‌తో పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్లు కొనాలనుకునేవారు ముందుగా చూడవలసింది పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే ఫ్రీక్వెన్సీ అంకెలను కాదు, ఎవరూ పట్టించుకోని ఇంపిడెన్సునూ (విద్యుత్తుకు హెడ్‌ఫోన్లు చూపే నిరోధం) సెన్సిటివిటీనీ (ఇచ్చిన శక్తికి అవి ఎంత గట్టిగా మోగుతాయో చెప్పే కొలత). కొన్నేళ్లుగా నేను ఆడియో-టెక్నికా వారి ఏటీహెచ్-ఎం50ఎక్స్ అనే వైరు హెడ్‌ఫోన్లను ఇంట్లోనూ, ఆఫీసుకు వెళ్లే దారిలోనూ ఫోన్‌కే తగిలించి వాడుతున్నాను. 2014లో వచ్చిన ఈ మోడల్‌ను స్టూడియో పనికోసమే తయారుచేసినా, ఫోన్‌తోనూ ఇది చక్కగా పనిచేస్తుంది. దీని ఇంపిడెన్సు 38 ఓములు, సెన్సిటివిటీ 99 డెసిబెల్స్ కావడమే అందుకు కారణం. ఇక 15 నుంచి 28,000 హెర్ట్జ్ వరకు పలుకుతుందన్న మాట వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. మనిషి చెవికి వినిపించేదే సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, వయసు మీద పడేకొద్దీ ఆ పై హద్దు కిందికి దిగుతూనే ఉంటుంది.

ఇంపిడెన్సు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. హెడ్‌ఫోన్ల వైరును ఫోన్‌కు కలపడానికి యాపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సి అడాప్టర్ గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 1 వోల్టు. ఆ 1 వోల్టుతో 38 ఓముల హెడ్‌ఫోన్లకు 26 మిల్లీవాట్ల దాకా శక్తి అందుతుంది, అదే 300 ఓముల సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు అందేది మూడు మిల్లీవాట్ల పైచిలుకు మాత్రమే. హెచ్‌డీ 600 గొప్ప హెడ్‌ఫోన్లు అనడంలో నాకు సందేహం లేదు, కానీ తక్కువ శబ్దంతో రికార్డు చేసిన పాత కచేరీని ఫోన్ మీద దానితో వింటే వాల్యూమ్ చివరిదాకా పెంచినా ఇంకా కొంచెం కావాలనిపిస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓముల రకాలుగా దొరుకుతుంది. పేరు ఒకటే కదా అని ఏదో ఒకటి తీసుకోకుండా, ఫోన్ కోసమైతే మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి.

2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్ పోయాక, ఖరీదైన ఫోన్లు చాలావరకు క్రమంగా అదే దారి పట్టాయి కాబట్టి, అడాప్టర్ ఇప్పుడు హెడ్‌ఫోన్లలో భాగమే అనుకోవాలి. చూడటానికి ఒకేలా ఉండే ఈ అడాప్టర్లు నిజానికి రెండు రకాలు. ఒక రకంలో డిజిటల్ సంకేతాన్ని హెడ్‌ఫోన్లు పలికించగల అనలాగ్ సంకేతంగా మార్చే చిప్, అంటే డాక్, లోపలే ఉంటుంది. రెండో రకం ఉత్త తీగ. దాన్ని ఫోన్ తనంతట తానే అనలాగ్ సంకేతం పంపగలిగితేనే వాడుకోగలం. ఈ సౌకర్యం లేని ఫోన్లు చాలా ఉన్నాయి కనుక, కొనేటప్పుడు డాక్ ఉన్నదే అని దుకాణదారు చేత చెప్పించుకుని, అక్కడే మన ఫోన్‌కు పెట్టి చూడాలి. 2023లో ఐఫోన్ 15 కూడా యూఎస్‌బీ-సికి మారడంతో ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకే అడాప్టర్ సరిపోతోంది.

ఇక అసలు విషయమైన శబ్దానికి వస్తాను. నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, తర్వాత పాత సినిమా పాటలు. ఈ హెడ్‌ఫోన్లలో నాకు మొదట నచ్చింది తంబురా. మామూలు ఇయర్‌ఫోన్లలో వెనకెక్కడో ఒక జుమ్మనే మోతగా ఉండిపోయే తంబురాలో, ఇక్కడ తీగ తీగకూ విడివిడిగా మీటు వినిపిస్తుంది, తీగల కింద పెట్టే దారపు పోగైన జీవాళి వల్ల పుట్టే ఆ మెరుపు గాత్రం కింద నిలకడగా సాగుతూ ఉంటుంది. వయొలిన్ గమకంలో వేలు జారే చప్పుడు, పల్లవికి ముందు గాయకులు తీసుకునే ఊపిరి కూడా దాచుకోవు. అయితే కింది స్థాయి స్వరాలను ఇవి ఉన్నదానికన్నా కాస్త పెంచి చూపుతాయి. మా పక్కింట్లో ఉండే మృదంగ విద్వాంసులొకరికి వినిపిస్తే, పట్టుమని ఒక ఆవర్తం కూడా కాకముందే, "తొప్పి ఉండాల్సినదానికన్నా ఎక్కువ మోగుతోందండీ, వలంతల బాగుంది" అన్నారు. తొప్పి అంటే మృదంగానికి మంద్రంగా మోగే ఎడమ వైపు, వలంతల అంటే కుడి వైపు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఫోన్‌లోని ఈక్వలైజర్‌లో బాస్‌ను రెండు మూడు డెసిబెల్స్ తగ్గించాక నాకు తృప్తి కలిగింది. పై స్థాయి స్వరాలు కూడా కాస్త పదునుగానే పలుకుతాయి కాబట్టి, ఘంటసాల కాలంనాటి మోనో రికార్డింగుల్లో టేపు బుస స్పష్టంగా తెలుస్తుంది. ఆ బుసను సహించలేనివారికి ఇవి నప్పవు. నాకు మాత్రం ఆ గొంతు అంత దగ్గరగా వినిపించడమే ముఖ్యం.

ఇవి చెవిని పూర్తిగా కప్పే, వెనక మూసి ఉండే రకం. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లేవారికి ఈ మూత తప్పనిసరి. వెనక తెరిచి ఉండే హెడ్‌ఫోన్లు నిశ్శబ్దమైన గదిలో ఎంత విశాలంగా వినిపించినా, రైల్లో బయటి రొద లోపలికి, మన పాట పక్కవారి చెవికి చేరతాయి. అయితే మూత ఉన్నంత మాత్రాన రైలు రొద పోదు, తగ్గుతుందంతే. ఆ మిగిలిన రొదను గెలవాలని వాల్యూమ్ పెంచడం ప్రమాదం: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు, 90కి చేరితే 4 గంటలే. అందుకే మెట్రోలో ఎక్కువసేపు వినేవారికి నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న వైర్‌లెస్ హెడ్‌ఫోన్లే మేలని నా అభిప్రాయం, వాటి శబ్ద నాణ్యత ఒక మెట్టు తక్కువైనా సరే.

వైర్‌లెస్‌లో చూడవలసింది కోడెక్, అంటే పాటను కుదించి బ్లూటూత్ మీద పంపే పద్ధతి. ఐఫోన్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప వేరేవి పనిచేయవు, కాబట్టి ఐఫోన్ ఉన్నవారు ఎల్‌డాక్ అనే కోడెక్ కోసం అదనంగా చెల్లించనవసరం లేదు. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డాక్ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపగలదు, కానీ జనం కిక్కిరిసిన చోట సంకేతం తెగకుండా అది 660కో 330కో దిగుతుంది. బ్యాటరీ సంగతి కూడా ఆలోచించాలి. నా దగ్గరున్న ఒక వైర్‌లెస్ జత శబ్దంలో ఏ లోపమూ లేకుండానే, బ్యాటరీ అరిగి, మార్చేవారు దొరక్క మూలన పడింది. ఎం50ఎక్స్‌కు ఆ చింత లేదు. వైరు ఊడదీయవచ్చు, చెవి మెత్తలు మార్చవచ్చు.

మెత్తల గురించి మన ఊరివారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఏ కంపెనీదైనా కృత్రిమ తోలు మెత్త ఏప్రిల్, మే నెలల్లో చెమటకు తడిసి తడిసి, ఒకనాటికి నల్లటి పొరలుగా రాలి చెవి వెనక అంటుకుంటుంది. వాడాక పొడి గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి సంచిలో పెడితే ఎక్కువ కాలం నిలుస్తాయి. నేను ఇప్పుడు గుడ్డ మెత్తలు వేసుకున్నాను. చల్లగా ఉన్నాయి, కానీ అవి వేశాక బాస్ కొంత పలచబడింది, బయటి రొద కొంత పెరిగింది. వైరు లేకుండా 285 గ్రాముల బరువు పెద్ద భారం కాదు గానీ, కొత్తలో తలను గట్టిగానే పట్టుకుంటాయి. కళ్లద్దాలవారు దుకాణంలో అద్దాలతోనే పెట్టుకుని, కనీసం అరగంట విని చూడాలి. ఫోన్‌కు కావలసింది వాటితో వచ్చే 1.2 మీటర్ల వైరే; మిగిలిన రెండూ పొడవైనవి, బల్ల దగ్గర వాడుకోవచ్చు. మూడింటిలో ఏ వైరుకూ మైక్ లేదు కనుక, ఫోన్ వస్తే మాత్రం హెడ్‌ఫోన్లు తీసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నాను.