పాత కంప్యూటర్లకు వైఫై మోడెమ్ కొనేవారు జాగ్రత్త: డబ్బా లోపలి ఫోటో చూడనిదే డబ్బు కట్టకండి

పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన దేశంలోని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. అలాంటిది ఒకటి హనుమకొండలోని పాత సామాను దుకాణంలో దొరికితే తెచ్చి బాగుచేసుకున్నాను. దాన్ని ఇంటర్నెట్‌కు కలపాలని గత నెలలో ఆన్‌లైన్‌లో 2,800 రూపాయలు పెట్టి ఒక వైఫై మోడెమ్ కొని మోసపోయాను. వరంగల్, కరీంనగర్ వైపు ఈ మిషన్లను ప్రాణంగా చూసుకునే మరికొందరు ఉన్నారు కాబట్టి, వారికీ ఇదే నష్టం జరగకూడదని రాస్తున్నాను.

మోడెమ్‌ను కంప్యూటర్ వెనుక ఉన్న ఆర్‌ఎస్423 అనే సీరియల్ సాకెట్‌కు (సమాచారం ఒక్కో బిట్‌గా వచ్చిపోయే దారి) పెట్టి స్విచ్ వేయగానే నీలం లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. స్క్రూలు విప్పితే లోపల ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ ఉన్న బోర్డు, దానికి నేరుగా సోల్డర్ చేసిన మూడు వైర్లు, వాటిపై గడ్డకట్టిన గ్లూ తప్ప మరేమీ లేవు. ఆ చిప్ పనిచేసేది 3.3 వోల్టుల మీద. బీబీసీ మైక్రో సీరియల్ లైను మాత్రం ప్లస్ 5, మైనస్ 5 వోల్టుల మధ్య నడుస్తుంది, పైగా ఏ సమాచారమూ పంపనప్పుడు కూడా మైనస్ వైపే నిలిచి ఉంటుంది. అంటే నేను ఒక్క అక్షరం టైపు చేయకముందే ఆ బోర్డుకు దెబ్బ తగిలింది. మధ్యలో ఈ వోల్టులను సరిచేసే మ్యాక్స్3232 లాంటి చిన్న చిప్ పెట్టి ఉంటే ఈ నష్టం జరిగేదే కాదు.

కంప్యూటర్ కూడా పోయిందేమోనని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు సాకెట్‌లో పంపే పిన్నును అందుకునే పిన్నుకు, పంపవచ్చా అని అడిగే ఆర్‌టీఎస్ పిన్నును పంపమని చెప్పే సీటీఎస్ పిన్నుకు చిన్న వైరు ముక్కలతో కలిపి పరీక్షిస్తే, పంపిన అక్షరాలు తిరిగి వచ్చాయి. అప్పటికి గానీ మనసు కుదుటపడలేదు.

ఆ మోడెమ్ కాలకపోయినా నాకు పనికొచ్చేది కాదు. దాని వేగాన్ని సెకనుకు 115200 బిట్లకు బిగించారని దానితో వచ్చిన కాగితంలో ఉంది. బీబీసీ మైక్రోకు 9600 దాటితే నమ్మకం ఉండదు. ఏ వెబ్‌సైటైనా తెరుచుకుంటుందన్న ప్రకటన మరీ అన్యాయం. నేటి సైట్లు అడిగే హెచ్‌టీటీపీఎస్ లెక్కలను, అంటే సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే పనిని, 2 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ మోయలేవు. మధ్యలో మరొక పరికరం ఆ పని చేసి, పేజీని ఉత్త అక్షరాలుగా మార్చి అందించాలి. ప్రకటనతో పాటు అమ్మకందారు పెట్టిన వీడియోను ఆపి చూస్తే, కీబోర్డు వెనుక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కనబడింది. ఉత్త అక్షరాలతోనే నడిచే టెల్‌నెట్ ద్వారా బులెటిన్ బోర్డులకు (పాతకాలపు ఆన్‌లైన్ చర్చావేదికలకు) వెళ్లడానికైతే మంచి వైఫై మోడెమ్ చాలు, అందులోనే ఎంతో ఆనందం ఉంది.

కొనేముందు బోర్డు రెండు వైపులా ఫోటోలు అడగండి, 16 కాళ్ల మ్యాక్స్3232 కనబడుతోందో లేదో చూడండి, 9600 వేగానికి మార్చుకోవచ్చని రాతలో తీసుకోండి. ఆర్‌ఎస్423 సాకెట్‌లో పెట్టే గుండ్రటి ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది కనుక పైవైపు గుర్తు వేయమనండి.

లోపం నా కంప్యూటర్‌దేనని చెప్పి అమ్మకందారు ఫోను ఎత్తడం మానేశారు. బిల్లు, వీడియో, బోర్డు ఫోటోలు జతచేసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. అదే మోడెమ్, అదే వీడియోతో, ఈ ఉదయం కూడా అమ్మకానికి ఉంది.