కోర్సెయిర్ వెంజెన్స్ ఎల్‌పీఎక్స్ 3200: నల్లగొండ ఎండల్లో ఏళ్లుగా వాడాక

8 జీబీ స్టిక్కులు రెండు ఒకే పెట్టెలో వచ్చే 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ జత ఇది. టైమింగ్స్ (ర్యామ్ స్పందించడానికి పట్టే జాప్యాన్ని చెప్పే అంకెలు) 16-18-18-36, వోల్టేజీ 1.35. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు ఉన్న మెషీన్‌లో, పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోల ఎడిటింగ్ మధ్య, ఏళ్లుగా 3200 స్పీడ్ మీదే నడుస్తోంది. కొనొచ్చా అంటే ధైర్యంగా కొనొచ్చు. స్టిక్కుల ఎత్తు తక్కువ, పెద్ద కూలర్ పెట్టినా తగలవు. కానీ బిగించినంత మాత్రాన 3200 రాదు.

బిగించగానే ఇది 2133 దగ్గర, 1.2 వోల్టులతో లేస్తుంది. షాపులో అసెంబుల్ చేయించిన పీసీ అయినా టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడ్ చూసుకోండి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో సగమే కనిపిస్తుంది, అక్కడ 1600 ఉంటే 3200 ఉన్నట్టే. 2133లో రెండు స్టిక్కులకు కలిపి సెకనుకు 34 జీబీ డేటా దాకా దారి ఉంటే, 3200లో 51 జీబీ. ఫొటోషాప్‌లో ఈ తేడా అంతగా తెలియదు. గ్రాఫిక్స్ కార్డు లేకుండా 5600జీ లాంటి ప్రాసెసర్ వాడేవాళ్లకు మాత్రం గేముల్లో బాగా తెలుస్తుంది.

ముందు స్టిక్కులు ఏ2, బీ2 స్లాట్లలో, అంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోదాంట్లో ఉండాలి. కొత్త బయాస్ (బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఉంటే ఎక్కించండి, యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. తర్వాత డిలీట్ కీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని పెట్టె మీది స్పీడ్‌లో నడిపే సెట్టింగ్, ఆన్ చేయాలి. ఆసుస్ ఏఎండీ బోర్డుల్లో దీని పేరు డీఓసీపీ, ఎంఎస్‌ఐలో ఏ-ఎక్స్‌ఎంపీ. సేవ్ చేసే ముందు మూడు అంకెలు చూడండి: ర్యామ్ వోల్టేజీ 1.35, ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి స్పీడ్) 1600, ఎస్‌ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీ 1.1 దగ్గర. కొన్ని బోర్డులు ఆటోలో ఎస్‌ఓసీని అవసరానికి మించి పెంచుతాయి. 1.2 దాటనివ్వకండి.

సేవ్ చేశాక మెషీన్ రెండు మూడుసార్లు ఆగి లేస్తే కంగారు వద్దు, అది మెమరీ ట్రెయినింగ్, అంటే బోర్డు ర్యామ్‌కు సరిపడే సెట్టింగులు వెతుక్కోవడం. ఎంతసేపటికీ తెర రాకపోతే పవర్ కేబుల్ తీసేసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలిపి పట్టుకుంటే పాత సెట్టింగ్ వస్తుంది.

విండోస్ తెరుచుకుంది కాబట్టి అయిపోయిందనుకోవద్దు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైనా, కెమెరా కార్డు నుంచి కాపీ అవుతున్న ఫొటో ఆ తప్పుతోనే డిస్కుకెక్కుతుంది. నెల తర్వాత తెరిచి చూస్తే సగం బొమ్మ బూడిద రంగు, జిప్ ఫైలైతే సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైలు పాడైందన్న సందేశం. అప్పటికి కార్డు ఫార్మాట్ అయిపోయి ఉంటుంది. బ్లూ స్క్రీన్ వస్తే మేలు, కనీసం తెలుస్తుంది. అందుకే ఎక్స్‌ఎంపీ పెట్టిన రోజు అసలు పని ముట్టుకోకుండా, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఉచిత వెర్షన్ ఇచ్చే నాలుగు పాసులూ పూర్తిగా నడపాలి. 16 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయడం మంచిది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. టెస్ట్ 13 అయిన రో హ్యామర్‌లో మాత్రమే వస్తే దాన్ని వేరుగా చూడాలి, అది చిప్ స్వభావాన్ని పరీక్షించేది, స్పీడ్‌ను కాదు.

మన దగ్గర ఇంకో పరీక్ష తప్పదు. ర్యామ్ కణాల్లో నిలిచే ఛార్జ్ వేడికి త్వరగా కారిపోతుంది. నల్లగొండలో మే నెల మధ్యాహ్నం గది వేడికి తోడు గ్రాఫిక్స్ కార్డు వదిలే గాలి నేరుగా స్టిక్కులకు తగులుతుంది. జనవరి రాత్రి పాసైనది అప్పుడు ఫెయిల్ కావచ్చు. కాబట్టి విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ పరీక్ష పెట్టి, పక్కనే గ్రాఫిక్స్ కార్డుకూ లోడ్ ఇచ్చి, ఎండ బాగా ఉన్న వేళ ఒక గంట నడపండి. ఈ జత ఆ పరీక్షకు నిలబడింది. క్యాబినెట్ ముందు వైపు దుమ్ము జాలీ కడిగి, వెనక ఒక ఫ్యాన్ గాలి బయటికి లాగేలా ఉంటే చాలు.

ఎర్రర్లు వస్తే వోల్టేజీ పెంచే పని మొదటే చేయొద్దు. స్టిక్కులు తీసి, బంగారు అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి మళ్లీ బిగించండి. తర్వాత ఒక్కో స్టిక్కునే ఏ2లో పెట్టి పరీక్షించండి. 2133లో కూడా ఎర్రర్ ఇచ్చే స్టిక్కు చెడిపోయినట్టే, వారంటీకి ఇచ్చేయాలి, జత మొత్తం కలిపి. 2133లో బాగుండి 3200లో మాత్రమే తప్పుతుంటే, టైమింగ్స్ అలాగే ఉంచి 3000కు దించండి. ఆ 200 తేడా కంటికి కనిపించదు.

32 జీబీ కావాలని ఇదే పేరుతో ఇంకో జత కొని నాలుగు స్లాట్లూ నింపడం నాకు నచ్చని పద్ధతి. స్టిక్కర్ మీద వెర్షన్ నంబరు చూడండి: 3తో మొదలైతే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్ చిప్పులు. బయటి పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. పైగా 5600కు ఏఎండీ చెప్పే పరిమితే రెండు స్టిక్కులకు 3200, నాలుగు సింగిల్ ర్యాంక్ (చిప్పులన్నీ ఒకే సమూహంగా పనిచేసే) స్టిక్కులకు 2933. పాతది అమ్మేసి 16 జీబీ స్టిక్కులు రెండున్న జత తీసుకోవడమే నయం.

బయాస్ అప్‌డేట్ చేసినప్పుడల్లా ఎక్స్‌ఎంపీ పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి. అప్‌డేట్ చేయకుండానే పోతుంటే, గడియారం కూడా వెనక్కి వెళ్తుంటే, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. రాత్రిపూట మెయిన్ స్విచ్ ఆపేసే ఇళ్లలో, కరెంటు తరచూ పోయే ఊళ్లలో ఇది ముందే వస్తుంది.